పట్టీ

సోమవారం మెట్టు తప్పి చీలమండ బెణికింది. కాంపౌండరు క్రేప్ బ్యాండేజీ చీలమండ దగ్గర మొదలుపెట్టి మోకాలి కిందదాకా చుట్టాడు. చూసుకుంటే నేను అచ్చం మొదటి ప్రపంచయుద్ధం ఫొటోల్లోని సిపాయిలా ఉన్నాను. ఒంటికాలి సిపాయి.

వాళ్ల కాళ్లకుండే ఆ చుట్టని ఇంగ్లీషువాడు 'పుట్టీ' అన్నాడు. మన పట్టీయే. సుమారు తొమ్మిది అడుగుల ఉన్ని గుడ్డ. కాల్బలం కిందినుంచి పైకి చుట్టేది, గుర్రపుదళం పైనుంచి కిందికి. ఖాకీ కూడా ఇక్కణ్ణుంచి పోయిందే. (ఖాక్ అంటే దుమ్ము, కాకితో చుట్టరికం లేదు.) ఓ చూపు చూడటాన్ని 'డెకో' అనేవారు, మన దేఖో. ఇంగ్లీషు మాటలతో తెలుగు పాడైపోతోందని వాపోయే మా బావగారి నోరు మూయించడానికి మంచంమీద పడుకుని జాబితా పెంచుతున్నాను.

'బ్లైటీ' దగ్గర చెయ్యి ఆగింది. అది మన విలాయతీ. మనకది దొరల దేశం, సీమ. తెల్ల సిపాయి ఆ మాటనే నోట నలగ్గొట్టి 'మా ఇల్లు' అన్నాడు. ప్రాణం పోకుండా ఇంటికి పంపేపాటి గాయమైతే దాన్నీ బ్లైటీయే అన్నాడు. అలాంటిదొకటి తగిలితే బాగుండునని కందకాల్లో కోరుకున్నవాళ్లు కొల్లలు.

మరి 1914 సెప్టెంబరు చివర మార్సేల్స్‌లో దిగిన మన సిపాయికో? దెబ్బ తగిలితే చాలామందిని బ్లైటీకే పంపారు. బ్రైటన్‌లో రాజుల విలాస భవనం రాయల్ పెవిలియన్‌ని ఆసుపత్రి చేశారు. మతాలవారీగా, కులాలవారీగా వంటశాలలు పెట్టారు. మర్యాదకేం లోటు లేదు. గాయం మానాక ఎందరినో మళ్లీ కందకానికే తోలారు. మానినవాణ్ణి మళ్లీ పంపుతున్నారని ఇళ్లకు రాసుకున్న మొరలు సెన్సారు తర్జుమాల్లో మిగిలాయి. మాట అతని వైపుదే. అందులోని ఇల్లు మాత్రం అతనిది కాదు.

జాబితా మడిచి పక్కన పెట్టాను. ఏం ఎగుమతి చేశామని చంకలు గుద్దుకోను?

రాత్రికి కాలు తిమ్మిరెక్కింది. కందకాల నీళ్లలో గంటల తరబడి నిలబడితే పట్టీ బిగిసి, రక్తం ఆడక పాదాలు కుళ్లేవి. తిమింగలం నూనె రాసుకోమని ఆజ్ఞలుండేవి. లేచి నా చుట్టలు విప్పుతుంటే బావగారి ఫోను.

"ఏం చేస్తున్నారు?"

"పట్టీ వదులు చేసుకుంటున్నా బావగారూ."

"పట్టీలేమిటండీ, ఆడపిల్లలా! శుభ్రంగా బ్యాండేజీ అనరాదూ?"