రెండో ఐటం హద్దులు

జగ్గయ్యపేట, నందిగామ రిజిస్ట్రారాఫీసుల దగ్గర లేఖరులు రాసే దస్తావేజును పాతకాలపు చాదస్తమని తీసిపారేసేవాళ్లు చాలామందే. ఒకే వాక్యం పేజీన్నర నడుస్తుంది, నిజమే. ఆస్తి వివరాలు రాసే షెడ్యూలు దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆ రాతలో ఒక్క మాట వృథా పోదు.

జిల్లా, సబ్ రిజిస్ట్రారు పరిధి, మండలం, గ్రామం తలమీద ఒక్కసారే రాస్తారు. కింద ఎన్ని సర్వే నంబర్లు వచ్చినా ఊరి పేరు మళ్లీ ఎత్తరు. 112 అనే నంబరు ఏ ఊళ్లోనైనా ఉండొచ్చు. పైన రాసిన ఊరే దాన్ని ఫలానా పొలం చేస్తుంది. ఊరి పేరుకు మాత్రం పైఅండ అక్కర్లేదా? రంగారెడ్డి జిల్లాలోనూ ఒక నందిగామ మండలం ఉంది. ఇక తూర్పు డొంక, దక్షిణం ఫలానా వారి మెట్ట, పడమర వాగు, ఉత్తరం బాట అని చెప్పి, ‘ఈ నాలుగు హద్దుల మధ్య గల’ విస్తీర్ణం ఇంత అని ముగిస్తారు. ఆస్తిని గుర్తుపట్టేంత వివరం ఉండాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షను కోరుతుంది. ఆ వివరాన్ని తెలుగులో ఇంత పొదుపుగా పేర్చింది లేఖరులే.

ఒకే దస్తావేజులో రెండు చెక్కలు అమ్మినప్పుడు అసలు నేర్పు బయటపడుతుంది. ఒక్కో చెక్క ఒక్కో ఐటం; ఐటానికి నాలుగు హద్దుల చొప్పున ఎనిమిది. ‘ఈ హద్దులు’ అంటే దగ్గరున్న ఐటానివే. చెక్కలు పక్కపక్కన ఉంటే రెండోదాని హద్దుల్లో మొదటిదాన్ని చెప్పక తప్పదు. ‘సదరు భూమి’ అంటే ఏదో తేలదు. అందుకే చేయి తిరిగిన లేఖరి ‘పడమర: పై 1వ ఐటం భూమి’ అని రాస్తాడు.

వెబ్ ఫారాలు కట్టేవాళ్లకూ ఇదే చిక్కు. వెబ్ పేజీలు కట్టే ఆంగ్యులర్ ఫ్రేమ్‌వర్కు 2023లో తెచ్చిన 17వ వెర్షన్‌లో, జాబితాను తిప్పే ‘ఫర్’ బ్లాకు లోపల ఇండెక్స్, కౌంట్, ఫస్ట్, లాస్ట్ లాంటి విలువలు మనం ప్రకటించకుండానే దొరుకుతాయి. ఐటంలకు ఒక బ్లాకు, దాని లోపల హద్దులకు ఇంకో బ్లాకు పెట్టి ‘ఇండెక్స్’ అని పిలిస్తే హద్దు వరస సంఖ్యే పలుకుతుంది. ఐటం సంఖ్య మరుగున పడుతుంది. బయటిదానికి ‘లెట్’తో ముందే పేరు పెట్టుకుంటేనే లోపలినుంచి అందుతుంది. ‘పై 1వ ఐటం’ చేసే పని అదే. హద్దులను విడి కాంపొనెంటుగా రాస్తే ఐటం సంఖ్య దానంతటది లోపలికి రాదు, ఇన్‌పుట్‌గా ఇవ్వాలి.

పైదాన్ని ముందు చెప్పి కిందిదాన్ని దానికి ఆనించే ఈ పద్ధతి ఇక్కడి నేలకు కొత్తేమీ కాదు. జగ్గయ్యపేట స్తూపం దగ్గర దొరికిన ప్రాకృత శాసనం ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పేరు ముందు చెప్పి, ఆ తర్వాతే 20వ ఏడు, వానాకాలం 8వ పక్షం, 10వ రోజు అంటుంది. రాజు పేరు తీసేస్తే ఆ 20కి అర్థం లేదు. దాత వివరాల్లోనూ కమ్మకరాష్ట్రమనే సీమ పేరు ముందు, ఊరు తర్వాత.

చిక్కల్లా పైనున్నది మారినప్పుడే. 2022 ఏప్రిల్ 4న జగ్గయ్యపేట, నందిగామ రెండూ కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. కాగితం మీద పాత దస్తావేజు కృష్ణా జిల్లాదిగానే ఉంటుంది. వెబ్ ఫారం మాత్రం గ్రామం కోడు ఒక్కటే దాచుకుని, జిల్లా పేరును ఇవాళ్టి జాబితాలోంచి తెచ్చుకుంటే, 1990లో రాసిన దస్తావేజుకు కూడా ఎన్టీఆర్ జిల్లా అని చూపిస్తుంది. రిజిస్ట్రేషన్ నాటి జిల్లా పేరును ఆ దస్తావేజుతోపాటే విడిగా నిల్వ చేయాలి.