కంఠం ఎవరిది? 'ద ప్రాబ్లమ్ విత్ అపు' చిత్రంపై ఒక పరిశీలన

పాత్రను రచయిత సృష్టిస్తాడని, నటుడు దానికి శరీరాన్నీ కంఠాన్నీ ఇస్తాడని పాత్రచిత్రణ గురించిన పాఠంలో చదువుకున్నారు. ఇప్పుడు ఆ రెండో సగాన్ని పరిశీలిద్దాం. ఒక జాతికి చెందిన పాత్రకు మరో జాతి నటుడు వేషం కట్టి, గొంతు అరువిచ్చినప్పుడు మనం చూస్తున్నది ఎవరిని?

హాలీవుడ్‌లో ఇది పాత ఆచారమే. పెర్ల్ బక్ నవల 'ద గుడ్ ఎర్త్' 1937లో చలనచిత్రంగా వచ్చింది. చైనా రైతు దంపతులుగా పాల్ మ్యూనీ, లూయిస్ రైనర్ నటించారు. ఇద్దరూ తెల్లవారే. రైనర్‌కు ఆస్కార్ బహుమతి కూడా లభించింది. అప్పటికే పేరున్న చైనీస్ అమెరికన్ నటి అన్నా మే వాంగ్‌కు కథానాయిక పాత్ర దక్కలేదు. ఆ ఇంటిని పాడుచేసే ఉంపుడుగత్తె వేషం వేయమంటే ఆమె ఒప్పుకోలేదు. అందులోని అవమానం అర్థం చేసుకోవడానికి మీకు వ్యాఖ్యానం అక్కరలేదు.

ముఖానికి పూసిన రంగును కంటితో పట్టుకోవచ్చు. గొంతుకు పూసిన రంగు అంత తేలికగా దొరకదు. అందుకే ఈ పాఠానికి కార్టూన్ పాత్రను ఎంచుకున్నాను. 'ద సింప్సన్స్' అనే అమెరికన్ ధారావాహికలో అపు అనే భారతీయ దుకాణదారు 1990 నుంచి కనిపిస్తాడు. పేరు సత్యజిత్ రే చిత్రత్రయంలోని అపు నుంచి తీసుకున్నదే. ఇంటిపేరు మాత్రం ఏ భారతీయ భాషలోనూ లేని ఒక పొడవాటి శబ్దాల కట్ట. కంప్యూటర్ సైన్సులో డాక్టరేట్ చేసి కూడా గల్లాపెట్టె దగ్గర నిలబడి, ప్రతి కొనుగోలుదారుకీ కృతజ్ఞతలు చెప్పి మళ్ళీ రమ్మంటాడు. ఆ మాటను సాగదీసి పలికే తీరే అక్కడి హాస్యం. ఆ గొంతు హాంక్ అజారియా అనే తెల్ల నటుడిది. 1968 నాటి 'ద పార్టీ' చిత్రంలో ముఖానికి రంగు పూసుకుని భారతీయుడిగా నటించిన పీటర్ సెల్లర్స్ ప్రభావం తనమీద ఉందని ఆయనే చెప్పారు. ఎంతో గొప్పదైన అపు పేరు, ఎంతో చవకైన గొంతు ఒకే బొమ్మలో కలిశాయన్నమాట.

హరి కొండబోలు న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో తెలుగు తల్లిదండ్రులకు పుట్టిన హాస్యకారుడు. అజారియా గొంతు గురించి ఆయన 2012లోనే ఒక టెలివిజన్ కార్యక్రమంలో ఎద్దేవా చేశారు. తన తండ్రిని వెక్కిరించే తెల్లవాణ్ణి అనుకరిస్తున్న మరో తెల్లవాడి గొంతులా ఉందన్నారు. 2017లో 'ద ప్రాబ్లమ్ విత్ అపు' అనే డాక్యుమెంటరీ తీశారు. దక్షిణాసియా మూలాలున్న నటులు ఒకరి తరవాత ఒకరు వచ్చి, చిన్నప్పుడు బడిలో తమను అపు అని ఏడిపించిన సంగతి, పెద్దయ్యాక వేషాల కోసం వెళ్తే 'ఆ యాస' పెట్టమని అడిగిన సంగతి చెబుతారు. కొండబోలు కోపంగా ఉపన్యసించరు. ఆ ధారావాహికను ప్రేమిస్తూ పెరిగానని ముందే ఒప్పుకుంటారు. ఇష్టపడి చూసిన కళాకృతిని నిలదీయడం విమర్శకుడికి చాలా కష్టమైన పని. ఆ నిజాయితీయే ఈ చిత్రానికి బలం.

లోపాలూ ఉన్నాయి. అజారియాను కెమెరా ముందుకు రప్పించే ప్రయత్నం చిత్రంలో అవసరానికి మించి సాగింది. ఆయన చివరికి రాలేదు. అంతకంటే పెద్ద లోపం మరొకటి. చిత్రంలో ప్రధానంగా మాట్లాడేది నటులు, హాస్యకారులు. పన్నెండు గంటలు దుకాణంలో నిలబడి, పిల్లల్ని చదివించిన వలస కార్మికుడి మాట అంతగా వినిపించదు. 'మేమలా మాట్లాడం' అనే వాక్యంలో రెండు అర్థాలుంటాయి. ఒకటి న్యాయమైన నిరసన. రెండోది అలా మాట్లాడేవారి నుంచి కాస్త దూరం జరగడం. యాసతో మాట్లాడే తండ్రిని కొండబోలు చిత్రంలో ప్రేమగానే చూపించారు కాబట్టి ఈ తేడా ఆయనకు తెలుసు. చిత్రం మాత్రం దాన్ని విప్పి చూపదు.

తరవాత జరిగినదీ విమర్శలో భాగమే. 2018లో సింప్సన్స్ ఒక భాగంలో ఈ చర్చను భుజాలెగరేసి తోసిపుచ్చింది. అజారియా మాత్రం ఆలోచనలో పడ్డారు, 2020లో ఆ పాత్ర మానుకున్నారు. పాత్రను తీసేయమని కొండబోలు ఎన్నడూ అడగలేదు. బాగా రాయండి అన్నారు. కానీ నిర్మాతలు అపుకు కొత్త గొంతు ఇవ్వలేదు, అతడు నోరు లేని బొమ్మగా వెనక వరసలో మిగిలాడు. ఇది పరిష్కారమని నేననుకోను.

మరి ఏ పాత్రకు ఆ ప్రాంతపు మనిషే గొంతివ్వాలా? అలా సూత్రం కట్టడం పొరపాటు. అదే 2017లో వచ్చిన 'ఫిదా' గుర్తు తెచ్చుకోండి. బాన్సువాడ అమ్మాయి భానుమతిగా సాయిపల్లవి తెలంగాణ యాసలో తన గొంతుతోనే మాట్లాడింది. ఆమెది తెలంగాణ కాదు, మాతృభాష తెలుగూ కాదు. అయినా ఆ ప్రాంత ప్రేక్షకులు ఆమెను తమ పిల్ల అనుకున్నారు. ఎందుకంటే భానుమతికి యాసతో పాటు కోపం, చదువు, ఇల్లు విడవలేని బెంగ, తన మాట నెగ్గించుకునే మొండితనం ఉన్నాయి. అపు నుంచి యాస తీసేస్తే ఎంత మిగులుతుందో లెక్క వేసి చూడండి.

దీనికి ముందు మన సినిమాల్లో తెలంగాణ మాట చాలాకాలం రౌడీలకు, ఉత్తరాంధ్ర మాట పనివాళ్ళకు, అమాయకులకు కేటాయించిన సంగతి మీకు తెలిసిందే. అవి చూసి నేనూ హాయిగా నవ్వాను. ఒకసారి తరగతిలో శ్రీకాకుళం నుంచి వచ్చిన విద్యార్థి పాఠం చదువుతుంటే వెనక బెంచీలు నవ్వాయి. నేను వారించలేదు. పైగా నా పెదవులమీదా చిరునవ్వు వచ్చింది. ఆ అబ్బాయి సంవత్సరం చివరిదాకా మళ్ళీ పైకి చదవలేదు. కొండబోలు చిత్రం చూస్తున్నంతసేపూ నాకు గుర్తొచ్చింది అతడే.

అభ్యాసం: మీరు ఇటీవల చూసిన ఒక తెలుగు హాస్యచిత్రం తీసుకోండి. అందులో ప్రత్యేకమైన యాసతో మాట్లాడే పాత్రలేవి, యాస కాక వాటికి ఇంకేం ఇచ్చారు, నవ్వు పాత్ర చేసిన పని వల్ల వచ్చిందా, పలికిన తీరు వల్ల వచ్చిందా అన్నది ఇరవై పంక్తుల్లో రాయండి. రాసేముందు ఆ యాస మాట్లాడే ఒక్కరితోనైనా కలిసి ఆ చిత్రాన్ని మరోసారి చూడండి. వారు ఎక్కడ నవ్వారో, ఎక్కడ నవ్వలేదో గుర్తు పెట్టుకోండి.