ఉద్యోగుల సహాయ కార్యక్రమం: పల్నాడు నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

1. విషయ పరిచయం

తాగుడు, అప్పులు, కుటుంబ కలహాలు, మానసిక వేదన ఉద్యోగి పనిని దెబ్బతీసినప్పుడు, శిక్షకు ముందు సహాయం అందించే ఏర్పాటే ఉద్యోగుల సహాయ కార్యక్రమం. ఉచిత కౌన్సెలింగ్, అవసరమైతే వైద్యానికి పంపడం, గోప్యత, చికిత్స తరవాత తిరిగి పనిలోకి తీసుకోవడం దీనిలోని ముఖ్యాంశాలు. నిర్వచనం వరకు దీనితో ఎవరికీ పేచీ ఉండదు. కాని మీలో కొందరు రేపు సంక్షేమాధికారులుగానో, సంఘ నాయకులుగానో పనిచేస్తారు. అప్పుడు మీరు రాసే ఒక్క నివేదిక మీద ఒక కుటుంబం జీవనాధారం ఆధారపడవచ్చు. కాబట్టి ఈ కార్యక్రమం ఎవరికి అందుతుంది, ఎవరికి అందదు అన్నది పరిశీలించడం అవసరం.

2. కార్యక్రమం పుట్టుక, దాని బలం

1940 దశకంలో అమెరికాలో ద్యూపాంట్, ఈస్ట్‌మన్ కొడాక్ వంటి కంపెనీలు కార్మికుల తాగుడు సమస్యను ఎదుర్కోవడానికి ఇటువంటి ఏర్పాట్లు మొదలుపెట్టాయి. 1970లో అక్కడ మద్యపాన సమస్యపై చట్టం వచ్చాక ఇవి విస్తరించి, క్రమంగా ఇతర వ్యక్తిగత సమస్యలకూ వర్తించాయి. మద్యం, మాదకద్రవ్యాల సమస్యను మిగతా ఆరోగ్య సమస్యల మాదిరిగానే చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో వెలువరించిన ఆచరణ నియమావళి సూచించింది.

దీని బలాన్ని తక్కువగా అంచనా వేయకూడదు. ఇంట్లోవాళ్లు ఎంత మొత్తుకున్నా విననివాడు, ఉద్యోగం పోతుందంటే ఒక్కసారైనా ఆలోచిస్తాడు. జీతం అందిన మర్నాడు నాగా, తరచూ ఆలస్యం, యంత్రం దగ్గర పరధ్యానం వంటివి సూపర్‌వైజర్ కంట ముందుగా పడతాయి. అతడు జబ్బేమిటో తేల్చనక్కరలేదు. పనిలో వచ్చిన మార్పును నమోదు చేసి, సహాయానికి దారి చూపితే చాలు.

3. పల్నాడులో పని స్వరూపం

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాను సున్నపురాయి నేల అనవచ్చు. మాచర్లలో 1958 నుంచి సిమెంటు పరిశ్రమ ఉంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరుపొందింది. వీటికి తోడు చిలకలూరిపేట ప్రాంతపు స్పిన్నింగ్ మిల్లులు, నరసరావుపేట, మాచర్ల వంటి పట్టణాలలోని ఆర్టీసీ డిపోలు ఉన్నాయి.

1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ ప్రకారం 500 లేదా అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో సంక్షేమాధికారి ఉండాల్సి ఉండేది. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఈ సంఖ్యను 250కి తగ్గించింది. కొద్దిమందితో నడిచే బట్టీ ఈ రెండు లెక్కలలోకీ రాదు. పెద్ద ఫ్యాక్టరీలో కూడా 50 కిలోల బస్తాలు మోసి లారీకెత్తే ముఠా కూలీ కాంట్రాక్టరు కింద ఉంటే, అతనికి యజమాని అంటే మేస్త్రీయే.

4. మూడు విమర్శలు

(అ) పరిధి: ఈ కార్యక్రమం శాశ్వత ఉద్యోగిని దృష్టిలో పెట్టుకుని రూపొందింది. చికిత్స తరవాత తిరిగి పనిలోకి తీసుకోవాలంటే, ముందు అతని పేరు మస్టరులో ఉండాలి. ముఠా కూలీ పది రోజులు రాకపోతే అతని స్థానంలో మరొకరు వస్తారు. అతనికి చార్జిషీటూ ఉండదు, కౌన్సెలింగూ ఉండదు. అయితే 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టాన్ని గమనించండి. కాంట్రాక్టరు క్యాంటీన్, విశ్రాంతి గది, ప్రథమ చికిత్స వంటి సౌకర్యాలు కల్పించకపోతే, ప్రధాన యజమానే కల్పించాలని అది చెప్పింది. అదే సూత్రాన్ని సహాయ కార్యక్రమానికి వర్తింపజేయకపోవడం ఎంపికే గాని అనివార్యం కాదు.

(ఆ) గోప్యత: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను మానసిక అనారోగ్యంలో చేర్చింది. వైద్య వివరాలు గోప్యంగా ఉంచాలనీ చెప్పింది. మరోవైపు, 1946 చట్టం కింద రూపొందిన నమూనా స్థాయీ ఉత్తర్వులలో సెలవు పెట్టకుండా 10 రోజులకు మించి రాకపోవడాన్ని దుష్ప్రవర్తనగా పేర్కొన్నారు. ఒకే మనిషి ఒక చట్టం దృష్టిలో రోగి, మరో నిబంధన దృష్టిలో దోషి. ఈ రెండు ఫైళ్లూ ఒకే అధికారి బల్లమీద ఉంటే కార్మికుడు నోరు విప్పుతాడా? పైగా మనది ఊళ్ల సమాజం. కౌన్సెలర్ గదిలోకి వెళ్లినవాడి సంగతి సాయంత్రానికి టీ కొట్టు దాకా వస్తుంది. కాబట్టి సలహాదారు యాజమాన్యానికి వెలుపలి వ్యక్తి కావాలి. హాజరు తప్ప మరే వివరమూ సంస్థకు చేరకూడదు.

(ఇ) సమస్యను చూసే తీరు: 'వ్యక్తిగత సమస్య' అన్న మాటలోనే ఒక తీర్పు ఉంది. బట్టీ వేడి, సున్నపు దుమ్ము, రాత్రి షిఫ్టు, ఒళ్లునొప్పులు, పనికి ముందే తీసుకున్న అడ్వాన్సు బాకీ ఇవన్నీ పని నుంచి వచ్చేవే. నొప్పి మరవడానికి మొదలైన తాగుడును మనిషి బలహీనతగా మాత్రమే చూస్తే, పని పరిస్థితులు విమర్శకు అందకుండా పోతాయి. అలాగని తాగుడుకు పనే ఏకైక కారణమనడం కూడా సరికాదు.

'మాల వేసుకుని 41 రోజులు మానినవాడు ఎప్పటికీ మానలేడా' అనే మాట మీరు వినే ఉంటారు. మానగలగడం వేరు, మానిన స్థితిలో నిలవడం వేరు. చాలాకాలం విపరీతంగా తాగినవారు హఠాత్తుగా మానేస్తే మూర్ఛ, మతిభ్రమ రావచ్చు, ప్రాణాపాయమూ కలగవచ్చు. కాబట్టి మేస్త్రీ చేయించే ఒట్టు వైద్యానికి ప్రత్యామ్నాయం కాదు.

5. కుటుంబం స్థానం

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి వ్యాపించిన సారా వ్యతిరేకోద్యమాన్ని నడిపింది స్త్రీలు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండోదాన్ని 1997లో సడలించారు. నిషేధం సరుకును ఆపడానికి ఉద్దేశించినది. అలవాటుపడ్డ మనిషికి చికిత్స అందించడం వేరే పని. ఆ పని చేస్తానని ముందుకు వచ్చే కార్యక్రమం ఉద్యోగితో మాత్రమే మాట్లాడి, ఇంటి ఖర్చునూ దెబ్బలనూ భరించిన భార్యను పక్కన పెడితే, మన రాష్ట్ర అనుభవం నేర్పిన పాఠాన్ని విస్మరించినట్లే.

6. సమీక్ష

ఈ లోపాల వల్ల కార్యక్రమాన్నే తోసిపుచ్చనక్కరలేదు. అది లేనిచోట మిగిలేది తొలగింపే. కాని గోడమీద కౌన్సెలర్ ఫోన్ నంబరు అంటించడంతో కార్యక్రమం అమలైనట్లు కాదు. ఉచితంగా అందుబాటులో ఉన్న టెలీ మానస్ 14416, వ్యసన విముక్తి సహాయ కేంద్రం 14446 నంబర్లను బట్టీలో కూలీకి కూడా తెలియజేయవచ్చు. అయితే ఫోన్ చేసి, చికిత్సకు వెళ్లి వచ్చినవాడికి పని మిగిలి ఉంటుందా అన్నదే కార్యక్రమానికి అసలు పరీక్ష.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీకు దగ్గరలోని ఒక మిల్లు, బట్టీ లేదా డిపోను ఎంచుకోండి. అక్కడ తాగుడు వల్ల పనికి రాలేకపోయిన శాశ్వత ఉద్యోగికీ, ముఠా కూలీకీ ఏం జరుగుతుందో కనుక్కుని, పై మూడు విమర్శల ఆధారంగా ఒక పేజీకి మించకుండా రాయండి. మీరు మాట్లాడిన వారి పేర్లు రాయకండి.