డీసీ ఇస్తే ఏమవుతుంది?

ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) గుర్తింపు బృందం వస్తోందంటే ఇంజనీరింగ్ కాలేజీల స్టాఫ్ రూముల్లో రాత్రి దాకా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. కోర్స్ ఫైళ్లు, మ్యాపింగులు, ఎక్సెల్ షీట్లు. 2014లో మన దేశానికి, ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం వచ్చాక ఈ లెక్కకు బరువు పెరిగింది. సిలబస్ ఎంత పూర్తిచేశారన్నది కాదు, పిల్లలకు ఏం వచ్చిందో చూపించమంటారు. న్యాయమైన మాటే. నా పేచీ చూపించే తీరుతోనే.

ట్రాన్స్‌ఫార్మర్ పాఠమే తీసుకోండి. దాని కోర్స్ అవుట్‌కమ్, మా వాడుకలో సీఓ, 'పనితీరును విశ్లేషించగలగాలి' అంటుంది. మిడ్ పేపర్లో ప్రశ్నేమో 'పనిచేసే సూత్రం రాసి పటం గీయండి'. పక్కన బ్లూమ్ స్థాయి 'ఎల్4', అంటే విశ్లేషణ, అని వేసి ఉంటుంది కూడా! అందరూ బట్టీపట్టింది రాస్తారు, మార్కులు పడతాయి, షీట్‌లో అటైన్‌మెంట్ పై స్థాయి అయిన 3కి చేరుతుంది. ల్యాబ్ వైవాలో అదే పిల్లల్ని 'ప్రైమరీకి 230 వోల్టుల ఏసీ బదులు అంతే డీసీ ఇస్తే?' అని అడగండి. సెకండరీలోనూ డీసీ వస్తుందనేవాళ్లే ఎక్కువ. ఫ్లక్స్ మారకపోతే సెకండరీలో వోల్టేజీ పుట్టదనీ, ప్రైమరీలో ఎదురు ఈఎంఎఫ్ లేక కరెంటు విపరీతంగా పెరిగి వైండింగ్ కాలిపోతుందనీ చెప్పేది ఒకరిద్దరు. విశ్లేషణ అని మనం రాసుకున్నది దీన్నే కదా.

ప్రశ్నల్లో ఇచ్చే ఛాయిస్‌ది మరో మాయ. చాలాచోట్ల ప్రశ్నకు జవాబు రాసినవాళ్లనే లెక్కలోకి తీసుకుంటారు. అరవై మందిలో పదిమందే కష్టమైన ప్రశ్న ముట్టుకుని బాగా రాస్తే, క్లాసంతటికీ వచ్చేసినట్టే! మిగతా యాభై మంది ఎందుకు వదిలేశారో ఏ గడిలోనూ ఉండదు. మర్నాడు పాఠం మొదలుపెట్టాల్సింది మాత్రం అక్కడి నుంచే. కోర్సు చివర పిల్లలు నింపే ఎగ్జిట్ సర్వే సంగతి సరేసరి. ఇంటర్నల్ మార్కులు మా చేతిలో ఉండగా 'అర్థం కాలేదు' అని టిక్కు పెట్టే ధైర్యం ఎవడికి?

అఫిలియేటెడ్ కాలేజీల గోడు వేరు. యూనివర్సిటీ నుంచి సబ్జెక్టుకు మొత్తం మార్కులే అందుతాయి. పిల్లవాడు ఏ యూనిట్‌లో తడబడ్డాడో తెలీదు కాబట్టి ఆ మొత్తాన్నే అన్ని సీఓలకూ సమానంగా పులిమేస్తాం. ఇప్పుడు కొన్ని యూనివర్సిటీలు జవాబుపత్రాలను స్కాన్ చేసి కంప్యూటర్ మీదే దిద్దిస్తున్నాయి. అంటే ప్రశ్నవారీ మార్కులు వాళ్ల దగ్గర సిద్ధంగా ఉన్నట్టే. హాల్‌టికెట్ నంబర్లు తీసేసైనా సరే, వాటిని ఫలితాలతోపాటే కాలేజీలకు పంపమని పరీక్షల విభాగాలను కోరుతున్నాను.