హౌస్ సర్జన్సీ ఏడాది ఎవరిది?

నిజామాబాద్ జిల్లా ఏర్గట్ల లాంటి మండలంలో ఏడాది నిండని బిడ్డకు దమ్ము ఎక్కువైతే మొదట చూసేది సాధారణంగా పిల్లల డాక్టర్ కాదు, ఎంబీబీఎస్ చదివిన మామూలు డాక్టర్. స్పెషలిస్టు కావాలంటే మోర్తాడ్ మీదుగా ఆర్మూర్‌కో, ఇంకా అవతల నిజామాబాద్ పెద్ద దవాఖానకో పోవాలి. అందుకే పిల్లల డాక్టర్ ఎలా తయారవుతారన్న మాటను ఎండీ సీటు దగ్గర మొదలుపెడితే సగం సంగతి వదిలేసినట్టే. కాగితం మీద దారి సూటిగానే ఉంది. నీట్ రాసి ఎంబీబీఎస్‌లో చేరాలి, నాలుగున్నరేళ్లు చదవాలి, ఏడాది హౌస్ సర్జన్సీ చేయాలి. ఆపైన నీట్ పీజీ, మూడేళ్ల ఎండీ పీడియాట్రిక్స్ లేదా డీఎన్‌బీ. పురిటి బిడ్డల వైద్యంలో ఇంకా లోతుకు వెళ్లాలంటే మరో మూడేళ్ల డీఎం. మొత్తంలో మనం ఎప్పుడూ మాట్లాడుకోనిది, ఊరి పిల్లలకు అన్నిటికన్నా ఎక్కువ అక్కరకొచ్చేది ఆ హౌస్ సర్జన్సీ ఏడాదే. దాన్ని పీజీ ప్రవేశ పరీక్షకు ధారపోశాం. వెనక్కి తెచ్చుకోవాలన్నది నా వాదన.

పిల్లల వైద్యంలో పుస్తకం నుంచి చేతికి రావాల్సిన పని చాలా ఉంది. ఊపిరి లెక్కపెట్టడమే తీసుకోండి. నిమోనియా ఉందో లేదో తేల్చడానికి ఎక్స్‌రే లేని చోట డాక్టర్‌కు దొరికే గట్టి ఆధారం అదే. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60, ఏడాది లోపు బిడ్డ 50, అయిదేళ్ల లోపు పిల్లలు 40 సార్లు లేదా అంతకు మించి ఊపిరి తీస్తుంటే వేగం ఎక్కువైనట్టు. ఈ మూడు అంకెలు ఏ విద్యార్థికైనా ఒక సాయంత్రంలో కంఠతా వస్తాయి. లెక్కపెట్టడం రాదు. బిడ్డ ఏడవకూడదు, తల్లి ఒడిలోంచి తీయకూడదు, అంగీ పైకెత్తి పొట్ట, ఛాతీ కదలిక చూస్తూ నిండు నిమిషం లెక్కించాలి. అర నిమిషం చూసి రెట్టింపు చేస్తే కుదరదు, పసిబిడ్డల ఊపిరి ఒక తీరుగా నడవదు. ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి పోతోందా అన్నది అదే నిమిషంలో కనిపెట్టాలి. మందుల సంగతీ అంతే. పది కిలోల బిడ్డకు జ్వరానికి పారాసిటమాల్ 150 మిల్లీగ్రాములు ఇవ్వాలంటే, మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుండే చుక్కల మందైతే ఒకటిన్నర మిల్లీలీటర్లు చాలు. అయిదు మిల్లీలీటర్లకు 125 ఉండే సిరప్ అయితే ఆరు కావాలి. సీసా మార్చి కొలత మార్చకపోతే నాలుగు రెట్ల తేడా వస్తుంది. ఇక తల్లి మాట. ‘పొద్దటి సంది పాలు తాగుత లేడు, పక్కలు ఎగరేస్తున్నడు’ అని ఆమె అన్నప్పుడు అందులో రెండు ప్రమాద సూచనలున్నాయని వెంటనే తట్టాలి. ఈ తట్టడం వార్డులో, రాత్రి డ్యూటీలో, వందల మంది తల్లులు చెప్పింది విన్నాకే వస్తుంది.

అలా వినాల్సిన ఏడాదిలో హౌస్ సర్జన్ మనసు ఎక్కడుంటుంది? నీట్ పీజీ ప్రశ్నల మీద. వార్డులోనూ రక్తం తీయడం, రిపోర్టులు తేవడం, కేస్ షీట్లు నింపడంతోనే పొద్దు గడుస్తుంది. మిగిలిన గంటలు ఫోన్‌లోని కోచింగ్ పాఠాలవి. పిల్లల వార్డు వంతు ఎలాగూ కొద్ది వారాలే. ఇందులో హౌస్ సర్జన్ల తప్పేమీ లేదు. పీడియాట్రిక్స్ వస్తుందా, ఇష్టం లేని బ్రాంచి వస్తుందా అన్నది ర్యాంకు తేలుస్తున్నప్పుడు, వార్డులో బాగా పనిచేసినందుకు ఒక్క మార్కూ కలవనప్పుడు, వాళ్లు చేస్తున్నది తెలివైన పనే. ఏర్పాటే తప్పు.

ఏర్పాటును మార్చవచ్చని చెప్పడానికి దాఖలాలున్నాయి. ఒకప్పుడు జనరల్ మెడిసిన్‌లో ఒక మూలనున్న పిల్లల వైద్యాన్ని 1997 నిబంధనలు ఎంబీబీఎస్ చివరి ఏడాదిలో విడిగా పాస్ కావాల్సిన సబ్జెక్టు చేశాయి. పరీక్ష ఉంటే చదువు ఉంటుందని అప్పుడే గుర్తించారు. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం నెక్స్ట్ (నేషనల్ ఎగ్జిట్ టెస్ట్) పరీక్షను తలపెట్టింది. 2023 జూన్‌లో వచ్చిన నిబంధనల ప్రకారం మొదటి అంచె హౌస్ సర్జన్సీకి ముందే రాయాలి, పీజీ ర్యాంకు దాంతోనే తేలిపోతుంది. రెండో అంచె హౌస్ సర్జన్సీ అయ్యాక, రోగి దగ్గర చేసి చూపించే పరీక్ష. అందులో పిల్లల వైద్యం కూడా ఉంది. ఆ జూలైలోనే నెక్స్ట్‌ను వాయిదా వేశారు. విద్యార్థుల అభ్యంతరాల్లో ఒకటి బలమైనదే: అధ్యాపకుల కొరత ఉన్న కొత్త కాలేజీ విద్యార్థినీ, ఉస్మానియా విద్యార్థినీ ఒకే తక్కెడలో తూచడం న్యాయమా అని. కానీ నీట్ పీజీ ఇప్పుడు చేస్తున్నదీ అదే కదా. పైగా రెండో అంచె వస్తే, వార్డులో నేర్పించని కాలేజీ బండారం బయటపడుతుంది. ఆ భయంతోనైనా అధ్యాపకుల ఖాళీలు నింపుతారు.

ఎంబీబీఎస్‌ల మీద ఇంత భారం ఎందుకు, స్పెషలిస్టులనే ఊళ్లకు పంపండి అనేవాళ్లూ ఉన్నారు. పంపితే సంతోషమే. పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నిబంధన 2021 బ్యాచ్ నుంచి నడుస్తోంది, మంచి పని. కానీ పిల్లల డాక్టర్‌కు తోడుగా ఆక్సిజన్, ల్యాబ్, అలవాటున్న నర్సులు లేకపోతే ఆ చదువంతా కట్టేసినట్టే. అవన్నీ ప్రతి మండలంలో ఇప్పట్లో అమరవు. బిడ్డ ప్రాణం మాత్రం మొదటి కొన్ని గంటల్లోనే తేలుతుంది. ఆ గంటల్లో పెద్ద దవాఖానకు పంపాలా, ఇక్కడే మందిచ్చి రేపు రమ్మనాలా అని నిర్ణయించేది ఆ మామూలు డాక్టరే.

ఏర్గట్ల చుట్టూ ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలకు కొదవ లేదు. నిజామాబాద్‌కు 2013లో, జగిత్యాలకు 2022లో, నిర్మల్‌కు, కామారెడ్డికి 2023లో వచ్చాయి. ఈ నాలుగింటి నుంచి ముందు ముందు ఏటా బయటికొచ్చే డాక్టర్లలో ఎవరో ఒకరు రేపు ఈ మండలంలోని తాళ్లరాంపూర్ బిడ్డనో, తడపాకల్ బిడ్డనో చూస్తారు. సీట్లు ఎన్ని పెరిగాయని అడగడం మనకు అలవాటైంది. మన ఎంపీలను, ఎమ్మెల్యేలను ఇక మరో మాట కూడా అడుగుదాం: పీజీ ర్యాంకు హౌస్ సర్జన్సీకి ముందే తేలిపోయేలా ఎప్పుడు చేస్తారు? నెక్స్ట్ పేరుతో చేసినా, ఇంకో పేరుతో చేసినా పరవాలేదు. ఆ ఏడాదిని వార్డుకు ఇచ్చేయాలి.