నాంపల్లి కొరమీను: వాదములో మరచిన చేప

మృగశిర కార్తె ప్రవేశించిన దినమున హైదరాబాదులో చేపకు రెండు చోట్ల గిరాకి. ఒకటి బేగంబజారు అంగడి. ఆనాడు చేప తినవలెనను ఆచారము ఇక్కడ చాలా ఇండ్లలో ఉన్నది. రెండవది నాంపల్లి ఎగ్జిబిషను మైదానము. అక్కడ చేపను వండరు, ప్రాణముతోనే మింగుతారు. బత్తిని వంశమువారు పసుపుపచ్చని మందుముద్దను చిన్న కొరమీను పిల్ల నోటిలో ఉంచి, దానిని ఉబ్బసపు రోగి గొంతులో జారవిడుస్తారు. 1845లో ఒక సాధువు తమ పూర్వీకునకు ఈ మందు ఉపదేశించినాడని ఆ కుటుంబమువారు చెప్పుకొంటారు. కోవిడ్ వలన 2020 నుండి మూడేండ్లు ఆగిన ఈ కార్యక్రమము 2023లో మరల మొదలైనది.

దీనిని గురించి ఏటేటా జరిగే వాదమును పరిశీలించినచో ఒక లోపము కనబడుతుంది. ఒక పక్షమువారు, ఇందరు జనము రైలు దిగి నాంపల్లికి వస్తున్నారు గనుక గుణము ఉండి తీరవలెనంటారు. రెండవ పక్షమువారు మూఢనమ్మకమని ఒక్క మాటతో ముగిస్తారు. ఈ ఇరువురి నడుమ సంచిలో కొట్టుకొంటున్న చేప ఒకటున్నది. దాని సంగతి ఎవరికీ పట్టినట్లు లేదు. చేపను గురించి అడిగినచో వాదము చాలవరకు తేలిపోతుందని నా అభిప్రాయము.

మొదటి ప్రశ్న: ఇన్ని చేపలుండగా కొరమీనే ఎందుకు? బొచ్చె పిల్లనో రవ్వ పిల్లనో గుప్పెడు నీటితో సంచిలో వేసి, ఎండలో గంటల తరబడి వరుసలో నిలబడండి; మీ వంతు వచ్చేసరికి అది బ్రతికి ఉండదు. కొరమీను బ్రతికి ఉంటుంది. దానికి మొప్పల పైభాగమున గాలిని నింపుకొనే గదులున్నవి. అది నీటి ఉపరితలమునకు వచ్చి గాలి మింగుతుంది. మొప్పలు దానికి చాలవు. ఎదిగిన కొరమీనును పైకి రానీయక నీటిలోనే అదిమి ఉంచినచో ఊపిరాడక చనిపోతుంది. చేప నీటిలో మునిగి చచ్చుట వినుటకు వింతగా ఉన్నా నిజము. చెరువు ఎండినప్పుడు బురదలో దాగి వానకై కాచుకొనేది కూడా ఈ శక్తితోనే. అంగళ్లలో దీనిని ప్రాణముతో తొట్లలో ఉంచి ఎక్కువ ధరకు అమ్మగలుగుతున్నారన్నా కారణము ఇదే. కనుక నాంపల్లిలో కొరమీనుకు దక్కిన స్థానము దాని ఔషధగుణమును కాక, దాని గట్టి ప్రాణమును చూపుతున్నది.

ఆ పిల్ల కదులుతూ పోయి శ్వాసమార్గములోని కఫమును తొలగిస్తుందనే మాటకు వద్దాము. మింగినది పోయేది అన్నవాహికలోనికి. ఉబ్బసము ఉండేది శ్వాసనాళములలో. వాటి గోడలు వాచి, కండరములు బిగిసి, దారి సన్నబడుతుంది. చేప ఆ దారిన పోవుటలేదు. దారి తప్పి పోయినదా, అది వైద్యము కాదు, ప్రాణాపాయము. జీర్ణకోశములోని ఆమ్లములో గాలి పీల్చే చేపకైనా బ్రతుకు లేదు.

శాకాహారులకు ఇదే మందును బెల్లములో పెట్టి ఇస్తారు. ఇది అందరూ ఎరిగిన విషయమే. బెల్లముతో కూడా గుణమిస్తుందంటే చేప చేసే పని ఏమిటి? మందు ఇచ్చేవారే చేప అనవసరమని ఒప్పుకొన్నట్లు కాదా? చేప తీసుకొన్నవారిని, బెల్లము తీసుకొన్నవారిని పోల్చుట పెద్ద కష్టము కాదు. అయితే ఆ పోలిక చేప సంగతినే తేలుస్తుంది. మందు సంగతి తేలవలెనంటే మందులేని ముద్దను కూడా కొందరికి, వారికి తెలియకుండ ఇచ్చి చూడవలెను. ఉబ్బసము తనంతట తాను హెచ్చి తగ్గే వ్యాధి. హెచ్చినప్పుడే రోగి వస్తాడు. తరువాత తగ్గుట సహజము. పైగా నలుబదియైదు దినముల పథ్యము, వరుసగా మూడేండ్లు రావలెనను నియమము ఉన్నవి. తగ్గకపోతే పథ్యము తప్పినదనవచ్చును. ‘చేపమందు’ పేరు పోయి ‘చేప ప్రసాదము’ అయినది గాని, రోగి ఆశించేది మారలేదు. ఆబిడ్స్‌లో ఏ మందుల దుకాణములోనైనా దొరికే ఇన్‌హేలరును ఈ ఆశతో మానివేసినవానికి రాబోయే చలికాలము ప్రమాదకరము.

మూఢనమ్మకమని కొట్టివేసేవారు కూడా అడుగని ప్రశ్న మరొకటి: ఈ పిల్లలు ఎక్కడివి? మత్స్యశాఖ మైదానములో పిల్లలను సమకూర్చి అమ్మిస్తున్నదని చదువుతాము. అవి హేచరీవా, చెరువువా అని వ్రాసినవారు అరుదు. మన దేశములో బొచ్చె, రవ్వ పిల్లలను హేచరీలలో కోట్లకొలది పుట్టించుట సామాన్యమైనది. కొరమీను విషయములో ఆ స్థితి ఇంకా రాలేదు. విత్తనములో చాలా భాగము ప్రకృతి జలములనుండే వస్తున్నది. కారణము దాని వేట గుణమే. పిల్లలు కొద్దిగా పెద్దవి కాగానే తమకంటె చిన్నవానిని తినివేస్తాయి. తొట్టిలో పరిమాణమును బట్టి వేరుచేయుచుండకపోతే కొన్ని బలిసినవి మాత్రము మిగులుతాయి.

చెరువులో వాటి పెంపకము వేరు. వానలు పడగానే కలుపు మధ్య చోటు చేసుకొని ఆడచేప గ్రుడ్లు పెడుతుంది. నూనె ఉండుటవలన అవి నీటిపై తేలుతవి. ఎర్రని పిల్లలు గుంపుగా పైకి వచ్చి గాలి పీల్చుచుండగా తల్లిదండ్రులు క్రింద కాపలా కాస్తాయి. ఆ ఎర్రని మడుగు వేటగానికి మంచి గురుతు. కప్పను గుచ్చిన గాలము అక్కడ వేస్తే, పిల్లల మీదికి శత్రువు వచ్చినదని పెద్దచేప తానే వచ్చి కరుస్తుంది. ఆ ఒక్క చేపతో గుంపు మొత్తము దిక్కులేనిదవుతుంది. మృగశిర కూడా ఆ కాలమే.

జన్యుశాస్త్రము ఇంకొక చిక్కు చూపుతుంది. కొరమీను, పూమీను, మట్టగిడస ఒకే ప్రజాతివి, కాని ఒకే జాతి కావు. కొరమీనులో క్రోమోజోములు 40, మట్టగిడసలో 32. 1793లో బ్లాక్ పేరు పెట్టిన కొరమీను జాతిలో కూడా, దక్షిణాసియా, ఆగ్నేయాసియా చేపల డి.ఎన్.ఏ.ను పోల్చినప్పుడు ప్రాంతభేదములు స్పష్టముగా కనబడినవి. ఒక నదీ ప్రాంతపు పిల్లలు మిగిలిపోయి మరొకచోటి చెరువులో పడితే ఆ భేదము చెరుగుతుంది. అమెరికాలో, మేరీల్యాండులోని క్రాఫ్టన్ చెరువులో 2002లో కొరమీను జ్ఞాతి ఒకటి కనబడగా, నీటిలో విషము కలిపి చేపలన్నింటినీ చంపినారు. అంత భయము మనకు అక్కరలేదు, కొరమీను ఇక్కడిదే. కాని ఎక్కడి కొరమీను అనేది అడుగవలసినదే.

తెలంగాణ ప్రభుత్వము 2016లో కొరమీనును రాష్ట్ర చేపగా ప్రకటించినది. అదే సంవత్సరము మొదలైన ఉచిత చేపపిల్లల పంపకములో ప్రధానముగా చెరువులకు చేరినవి బొచ్చె, రవ్వ జాతులు. బిరుదు ఒకరికి, భూమి మరొకరికి అన్నట్లున్నది. వచ్చే మృగశిరకు నాంపల్లి వార్త వ్రాసేవారు జనసంఖ్యతో పాటు, ఆ పిల్లలు ఏ జాతివో, ఏ చెరువువో, ఏ హేచరీవో కూడా కనుక్కొని వ్రాసినచో బాగుండును.