పృచ్ఛకుడు పగవాడైతేనే పద్యం

"సీతకు రాముడన్న" అని అవధానంలో పృచ్ఛకుడు, అంటే ప్రశ్న అడిగేవాడు, సమస్య ఇచ్చాడనుకోండి. రాముడు సీతకు అన్నేమిటి, శివశివా! అవధాని మాత్రం చిరునవ్వు నవ్వి, దాని ముందు "ప్రాణముకంటె మక్కువ" అని పెట్టేస్తాడు. అన్నగారు కాస్తా 'అంటే' అయిపోయాడు. ఒక్క అక్షరం మారలేదు, పాపం పోయింది. ఇది ఓనమాలపాటి ఉదాహరణ. నిజమైన సభల్లో ఇచ్చేవి దీనికి తాతలు.

దత్తపది ఇంకో రకం చిలిపితనం. చారు, పూరి, గారె, దోస అనే మాటలిచ్చి కురుక్షేత్రం మీద పద్యం చెప్పమంటారు. వంటింటి మాటలు వంటింటి అర్థంలో రాకూడదు. 'చారులు' వేగు తెచ్చారు, కృష్ణుడు శంఖం 'పూరించాడు', కదలి 'రాగా రెండు' సేనలు, 'ఏదో సమయాన' మొదలైంది పోరు. విరుపు ఎక్కడ పడాలో తెలిసినవాడికి విస్తరంతా యుద్ధభూమే. ఇంతా చేసి ఛందస్సు తప్పకూడదు.

నా ఓటు మాత్రం నిషిద్ధాక్షరికి. వినాయకుడి మీద పద్యం అడిగారు. అవధాని "శ్రీ" అన్నాడు. గణపతి వస్తాడని పసిగట్టిన పృచ్ఛకుడు "గ వద్దు" అన్నాడు. అవధాని "వి" అన్నాడు. విఘ్నేశుడు కాబోలని "ఘ్న వద్దు" అన్నాడు. అవధాని "ను" అన్నాడు, 'శ్రీవినుత' వైపు దారి తీస్తూ. అక్షరం అక్షరానికీ ఎదురుదెబ్బే. చదరంగంలోనైనా ప్రత్యర్థి తన పావులు తాను కదుపుతాడు. ఇక్కడ మన నోట్లో మాట లాగేస్తాడు. ఈ మధ్యలో అప్రస్తుత ప్రసంగి "మీ ఊళ్ళో వంకాయల ధరెంత?" అని అడ్డు తగులుతాడు, గంటలు కొట్టేవాడు కొడుతూనే ఉంటాడు. పద్యం అడిగినవాళ్ళందరికీ వంతులవారీగా ఒక్కో పాదం చెప్పుకుంటూ పోయి, ఆఖర్న అన్ని పద్యాలూ వరసగా అప్పజెప్పాలి. ఆ ధారణ లేకపోతే అది అవధానం కాదు, ఆశుకవిత.

అవధానమంటే తిరుపతి వేంకట కవులనే గోదావరివారికి నాదొక్కటే మాట. కవులు గొప్పవారే, కాదనను. కానీ మా ఇజీనగరంలో ఆదిభట్ల నారాయణదాసుగారి తాళాల అవధానం సంగతేమిటి? 1864లో బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టిన ఈ హరికథా పితామహుడు రెండు చేతులతో, రెండు కాళ్ళతో, తలతో ఐదు తాళాలు నడుపుతూ పల్లవి పాడేవారు. మీరు కుడిచేత్తో మూడు, ఎడంచేత్తో నాలుగు వేసి చూడండి. పన్నెండు దెబ్బలకోసారి గాని రెండూ కలవవు. మూడు, నాలుగు, ఐదు, ఏడు, తొమ్మిది అని ఐదు జాతులూ ఒక్కసారి ఎత్తుకుంటే మళ్ళీ కలుసుకునేది 1260 దెబ్బలకి! లెక్క వేయడానికే నాకు కాగితం కావలసి వచ్చింది. 1919లో విజయనగరం రాజు విజయరామ గజపతిరాజు సంగీత పాఠశాల పెట్టి దాసుగారినే తొలి అధ్యక్షుణ్ణి చేశారు. ఒక అంధ బాలుడి కోసం పెట్టారని చెప్పుకుంటారు. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే వాయులీనం నేర్పారు.

గిడుగు, గురజాడ చదువుకున్న ఊరు కూడా ఇదే. వాడుకభాష కోసం పోరాడిన గడ్డకి పద్యాల పందెమేమిటని ఒక మిత్రుడు వెక్కిరించాడు. భాష ఎవరిదైనా బుర్ర పందెం బుర్ర పందెమే.

ఇక బహుమతి. పూర్వం శాలువా, నూటపదహార్లు, మహా అయితే గండపెండేరం. బహుమతి డబ్బయితేనే చిక్కు. పత్రికల్లో గళ్ళు నింపే పోటీలు జూదాలవుతున్నాయని 1955లో కేంద్రం చట్టం చేసి, నెలకి వెయ్యి రూపాయలు దాటి బహుమతులివ్వకూడదంది. నేర్పుకీ అదృష్టానికీ మధ్య గీత గీయడం కోర్టులకీ కష్టమైంది. తర్వాత టీవీలవాళ్ళు ఆ గీత చెరిపేశారు. హీరో బొమ్మ పెట్టి "ఈయనెవరు? ఫోన్ చేయండి, కారు గెలవండి" అనేవారు. పాలు తాగే పిల్లాడికి తెలిసిన జవాబుకి కారెందుకిచ్చేవారండీ? ఆ కారు ఖరీదు మీ ఫోన్ బిల్లులోంచే!

అంతకన్నా కడుపు మండే సంగతి చెబుతాను. ఒక కల్యాణమండపంలో అవధానానికి వెళ్ళాను. ఊరి పేరు చెప్పను. నిషిద్ధాక్షరి ఒక్క పాదంతో సరి, ధారణకి "సమయాభావం". సమస్య అడిగిన వెంటనే పూరణ వచ్చేసింది, తడుముకోకుండా. చప్పట్లు మారుమోగాయి. బయట టీ తాగుతుంటే పృచ్ఛకుడే నవ్వుతూ అన్నాడు, "రెండ్రోజుల ముందే పంపించేశాను, పెద్దాయన్ని ఇబ్బంది పెట్టడమెందుకు?" అని. ఇబ్బంది పెట్టనివాడికి ఆ కుర్చీ ఎందుకయ్యా! తడబడి, చెమటలు పట్టి, ఒక గణం తప్పి సరిదిద్దుకున్న అవధాని నాకు దేవుడితో సమానం. కంఠస్థం చేసి వచ్చినవాడికి శాలువా దండగ.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సాహితీ సంఘాలు నడిపే పెద్దలకి ఒక్క మనవి. ఈసారి అవధానం పెడితే సమస్యలు సభలోనే శ్రోతల చేత చీటీల మీద రాయించండి. అవధాని ఎదుటే కుండలోంచి తీయించండి. ధారణ అయ్యేదాకా శాలువా మడత విప్పకండి.